చిన్న పొరపాటు ఎవరికి తగులుతుంది?



రోగి వెంట ఆసుపత్రికి వచ్చినవారికి చేసే పని తక్కువ, ఎదురుచూసే సమయం ఎక్కువ. ఓపీ చీటీ కోసం కొంతసేపు, డాక్టరుగారి పిలుపు కోసం కొంతసేపు, రక్తపరీక్ష రిపోర్టు కోసం మరికొంతసేపు బెంచీ మీద కూర్చోవాలి. అలా కూర్చున్నప్పుడు మనమందరం చేసేది ఒకటే, వచ్చేపోయేవారిని చూడడం. ఎవరు ఎవరితో వచ్చారు, ఎవరి క్యారియర్‌లో ఏం కూర ఉంది, ఎవరి పిల్లవాడు అల్లరి చేస్తున్నాడు అని చూస్తూ ఉంటాం. ఇందులో తప్పేమీ లేదు. ఆ చూపును కొంచెం పనికి వచ్చేలా మార్చుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

నర్సు చదువులో సూది వేయడం కన్నా ముందు నేర్పేది గమనించడం. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ప్రచురించిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ అనే పుస్తకంలో రోగిని గమనించడం గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. రోగి ముఖం, ఊపిరి, తిండి, నిద్ర చూసినట్టే, రోగి చుట్టూ ఉన్నవారి అలవాట్లను కూడా నర్సు చూస్తుంది. ఎందుకంటే చాలా జబ్బులు అలవాట్ల వెంటే నడుస్తాయి.

చూడడం మొదలుపెట్టే ముందు ఒక నియమం పెట్టుకుందాం. ‘ఈ మనిషి ఎలాంటివాడు’ అని చూడకూడదు. ‘ఈ అలవాటు వల్ల జబ్బు ఎవరి దగ్గరికి వెళుతుంది’ అని చూడాలి. మొదటి రకం చూపు వల్ల కోపం వస్తుంది, లేకపోతే నవ్వు వస్తుంది. రెండో రకం చూపు వల్ల జాగ్రత్త వస్తుంది.

ఇలా చూసినప్పుడు ఒక విషయం తెలుస్తుంది. చిన్న పొరపాటు చేసినవారికి సాధారణంగా ఏమీ కాదు. అది తగిలేది పక్కన ఉన్న బలహీనులకు. బజారులో ఒకరు తుమ్మితే పెద్దగా నష్టం కనబడదు. ఆసుపత్రిలో అలా కాదు. పక్క మంచం మీద నిన్ననే ఆపరేషన్ అయిన మనిషి ఉంటాడు. ఎదురు గదిలో నెలలు నిండకుండా పుట్టిన పసిబిడ్డ ఉంటుంది. బెంచీ చివర కాన్సరుకు మందు ఎక్కించుకోవడానికి వచ్చిన తల్లి ఉంటుంది. వీరికి చిన్న జలుబు కూడా పెద్ద ప్రమాదం కావచ్చు.

1. ఒక్క చెయ్యిని పది నిమిషాలు చూడండి

బెంచీ మీద కూర్చుని ఎవరిదైనా ఒక చెయ్యిని పది నిమిషాలు గమనించండి. మీ చెయ్యినే గమనించినా సరిపోతుంది. ఆ చెయ్యి ఓపీ చీటీ పట్టుకుంటుంది. మెట్ల కమ్మీ పట్టుకుంటుంది. ముక్కు తుడుచుకుంటుంది. వేలు నాలుకకు తడిచేసుకుని నోట్లు లెక్కపెడుతుంది. ఫోను నొక్కుతుంది. బాత్రూం తలుపు గడియ తీస్తుంది. ఆ తరువాత ఇడ్లీ పొట్లం విప్పి పిల్లవాడి నోట్లో ముక్క పెడుతుంది. ఈ పనుల్లో ఏదీ దురుద్దేశంతో చేసింది కాదు. తల్లి ప్రేమతోనే తినిపించింది. కానీ కమ్మీ మీద, గడియ మీద, నోట్ల మీద ఉన్న క్రిములు కూడా ఆ ముక్కతోపాటు పిల్లవాడి నోట్లోకి వెళ్ళాయి.

మన ఇళ్ళలో ఇంకొక అలవాటు చూడండి. భోజనం అయ్యాక చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుంటాం, వాసన కూడా చూసుకుంటాం. భోజనానికి ముందు మాత్రం నాలుగు వేళ్ళ మీద కాసిని నీళ్ళు పోసుకుని కూర్చుంటాం. తిన్న తరువాత చేతికి పప్పు, నూనె కనబడతాయి కాబట్టి కడుగుతాం. తినే ముందు చెయ్యి శుభ్రంగానే కనబడుతుంది కాబట్టి వదిలేస్తాం. నిజానికి సబ్బు తప్పనిసరిగా కావలసింది తినే ముందు. క్రిములు కంటికి కనబడవు.

ఈ పొరపాటు చదువులేనివారిది మాత్రమే అనుకోవద్దు. 1847లో ఆస్ట్రియా దేశపు వియన్నా నగరంలో, పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో తల్లులు బాలింత జ్వరంతో ఎక్కువగా చనిపోతుండేవారు. ఆ సంవత్సరం ఏప్రిల్ నెలలో నూటికి 18 మంది దాకా చనిపోయారు. అక్కడ పనిచేసే ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు జాగ్రత్తగా గమనించాడు. డాక్టర్లు, వైద్య విద్యార్థులు శవపరీక్ష గదిలో పనిచేసి, అక్కడి నుంచి నేరుగా వచ్చి కాన్పులు చేస్తున్నారని గుర్తించాడు. వార్డులోకి వచ్చే ముందు క్లోరిన్ కలిసిన సున్నపు నీళ్ళతో అందరూ చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. జూన్ నెలకు మరణాలు నూటికి సుమారు రెండుకు తగ్గాయి. ఆ డాక్టర్లు చెడ్డవారు కారు. తల్లులను కాపాడాలనే వచ్చారు. వారి చేతులు వారి కంటికి శుభ్రంగానే కనబడ్డాయి, అంతే.

చేతులు ఇలా కడగాలి: ముందు తడిపి, సబ్బు రాసి, అరచేతులు, చేతుల వెనుకభాగం, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళ కొనలు, మణికట్టు రుద్దాలి. కనీసం 20 సెకన్లు రుద్దాలి. మొత్తం పని 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. నీళ్ళు ధారగా పడాలి. కుళాయి లేకపోతే వెంట ఉన్నవారు చెంబుతో పోయాలి. బకెట్టులో చేతులు ముంచి కడిగితే కడిగినట్టు కాదు. తరువాత శుభ్రమైన గుడ్డతో తుడుచుకోవాలి. పంచెకు, చీరకు తుడుచుకుంటే కడిగిన ఫలితం పోతుంది.

ఎప్పుడెప్పుడు కడగాలి? దొడ్డికి వెళ్ళివచ్చాక, పిల్లలకు కడిగాక, వంటకు ముందు, తినే ముందు, తినిపించే ముందు, రోగిని ముట్టుకునే ముందు, ముట్టుకున్న తరువాత. శానిటైజరు సీసా ఉంటే మంచిదే. కానీ చేతికి మురికి కనబడుతున్నా, విరేచనాలవుతున్న రోగిని శుభ్రం చేసి వచ్చినా అది చాలదు. అప్పుడు సబ్బు, నీళ్ళే కావాలి.

2. దగ్గు వచ్చినప్పుడు ఏం చేస్తున్నాం?

ఓపీ హాలులో గమనిస్తే దగ్గేవారు మూడు రకాలుగా కనబడతారు. కొందరు ఎదుటివారి ముఖం మీదికే దగ్గుతారు. కొందరు అరచెయ్యి అడ్డం పెట్టుకుంటారు. వీరికి మర్యాద తెలుసు, కానీ ఆ చేతితోనే వెంటనే కుర్చీ పట్టుకుంటారు, ఎదుటివారి చెయ్యి పట్టుకుంటారు. కొద్దిమంది మాత్రం కండువానో, చీర కొంగునో, మోచేతి మడతనో అడ్డం పెట్టుకుంటారు. ఈ మూడో పద్ధతే మంచిది. 2020, 2021లో కరోనా కాలంలో ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసింది. ఆ తరువాత మాస్కులు పోయాయి, మోచేతి అలవాటూ వాటితో పోయింది.

దగ్గు ద్వారా వచ్చే జబ్బుల్లో మన కుటుంబాలు ఎక్కువగా భయపడేది క్షయ, అంటే టీబీ. 1882 మార్చి 24న జర్మనీలో రాబర్ట్ కోచ్ అనే శాస్త్రవేత్త ఈ వ్యాధికి కారణమైన క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించాడు. అందుకే ఏటా మార్చి 24న ప్రపంచ క్షయ దినం జరుపుతారు. ఊపిరితిత్తుల క్షయ ఉన్న మనిషి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు క్రిములు గాలిలోకి వస్తాయి. గాలి ఆడని గదిలో అవి చాలాసేపు నిలిచి ఉంటాయి. ఆ గాలి పీల్చినవారికి వ్యాధి సోకవచ్చు.

క్షయ ఉన్నవారి ఇళ్ళలో జాగ్రత్త ఒక్కోసారి ఎక్కడ పడుతుందో చూడండి. రోగికి కంచం వేరు, గ్లాసు వేరు, పడక వసారాలో. పక్కన ఎవరూ కూర్చోరు. చలి అని, దోమలని చెప్పి కిటికీలు మాత్రం మూసేస్తారు. క్షయ కంచం ద్వారా, గ్లాసు ద్వారా, ముట్టుకోవడం ద్వారా రాదు. అది గాలి ద్వారా వస్తుంది. కాబట్టి కంచం వేరుచేసి రోగి మనసు కష్టపెట్టవద్దు. కిటికీలు తెరవండి, ఎండ రానివ్వండి, రోగి నోటికి గుడ్డ లేక మాస్కు కట్టుకునేలా చూడండి. తెమడను మూత ఉన్న డబ్బాలోనే ఉమ్మించండి. అన్నిటికన్నా ముఖ్యం, మందులు ఒక్కరోజు కూడా మానకుండా వేయించండి.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తెమడలో రక్తం వీటిలో ఏది ఉన్నా తెమడ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష, మందులు ఉచితం. మామూలు క్షయకు ఆరునెలల మందు. క్షయ రోగుల పోషకాహారానికి ప్రభుత్వం 2018లో నెలకు 500 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టి, 2024 నవంబరు నుంచి దానిని 1000 రూపాయలు చేసింది. పేరు నమోదు చేసేటప్పుడు బ్యాంకు ఖాతా పుస్తకం తీసుకువెళ్ళండి.

3. మెట్ల మూల చెప్పే సంగతి

ఏ పెద్ద భవనంలోనైనా మెట్లు తిరిగే మూల చూడండి. గోడ ఎర్రగా ఉంటుంది. కిళ్ళీ, గుట్కా, ఖైనీ నమిలి ఉమ్మినవి. కొన్నిచోట్ల ఆ మూలలో అన్ని మతాల దేవుళ్ళ బొమ్మలున్న పలకలు అతికిస్తారు. అక్కడ మాత్రం ఎవరూ ఉమ్మరు. దీనినిబట్టి ఉమ్మిని ఆపుకోవడం సాధ్యమేనని తెలుస్తుంది. అదే మనిషి తన ఇంటి ముందుగదిలో ఉమ్మడు. చుట్టాలింట్లో ఉమ్మడు. ‘ఇది ఎవరిదీ కాదు’ అనుకున్న చోటే ఉమ్ముతాడు. ఆ చోటును రోజూ గోకి కడిగే ఆయమ్మ ఒకరున్నారని ఆ నిమిషంలో గుర్తుకురాదు.

ఉమ్మినవారికి గోడకన్నా పెద్ద నష్టం నోటిలో జరుగుతోంది. పొగాకు, వక్క నమిలేవారికి క్రమంగా దవడ లోపలి చర్మం గట్టిపడి నోరు సరిగా తెరుచుకోదు. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. మూడు వేళ్ళు కలిపి నిలువుగా నోట్లో పట్టించి చూడండి. పట్టకపోతే పళ్ళ డాక్టరుకు వెంటనే చూపించాలి. నోట్లో తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు ఉన్నా చూపించాలి. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో కొందరు పెద్దవారికి, ముఖ్యంగా స్త్రీలకు, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. దానివల్ల అంగిలికి కాన్సరు రావచ్చు. మీ ఇంట్లో అలాంటి పెద్దమ్మ ఉంటే ఆమె అంగిలి ఒకసారి చూపించండి.

బీడీ, సిగరెట్టు కాల్చేవారు కూడా గేటు పక్కనో, మరుగుదొడ్డి వెనుకనో నిలబడి కాలుస్తారు. పొగాకు ఉత్పత్తుల చట్టం 2003లో వచ్చింది. బహిరంగ స్థలాలలో పొగతాగడాన్ని నిషేధించే నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి అమలులోకి వచ్చాయి. ఆసుపత్రి ఆవరణ కూడా బహిరంగ స్థలమే, జరిమానా 200 రూపాయల వరకు ఉంటుంది. ఆక్సిజన్ పెట్టిన రోగి దగ్గర అగ్గిపుల్ల గీయడం, అగరువత్తి వెలిగించడం జరిమానాతో పోయేవి కావు. ఆక్సిజన్ ఉన్నచోట చిన్న నిప్పు క్షణంలో పెద్ద మంట అవుతుంది.

4. నీళ్ళ కుండ, కొబ్బరిబొండం

కుండలోనో, బిందెలోనో గ్లాసు ముంచి నీళ్ళు తీసేటప్పుడు చూడండి. గ్లాసుతోపాటు వేళ్ళు కూడా మునుగుతాయి. ఒకరి వేళ్ళ మురికి ఇంటిల్లిపాదికీ చేరుతుంది. టైఫాయిడ్, పచ్చకామెర్లలో కొన్ని రకాలు, నీళ్ళ విరేచనాలు ఇలాగే వస్తాయి. పొడవు కాడ ఉన్న గరిటెతో తీయండి, లేదా కుళాయి ఉన్న డబ్బా వాడండి. మన పెద్దలకు గ్లాసు పెదవికి తగలకుండా పైకెత్తి పోసుకుని తాగే మంచి అలవాటు ఉండేది. పదిమంది ఒకే గ్లాసు వాడవలసిన చోట అది ఎంతో మేలు. పిల్లలకు నేర్పండి. నడుం వాల్చిన రోగికి మాత్రం అలా పోయవద్దు, పొరపోతుంది. రోగిని కూర్చోబెట్టి, వేరే గ్లాసుతో కొద్దికొద్దిగా తాగించండి.

ఇక ఆసుపత్రి గేటు బయట కొబ్బరిబొండాల బండి ఉండని ఊరు లేదు. డాక్టరుగారు తాగించమన్నారని రోగి కోసం బొండం కొంటాం. నీళ్ళు సీసాలో పోయించుకుంటాం. ఖాళీ బొండం గోడ అవతలికి విసిరేస్తాం. టీ తాగిన ప్లాస్టిక్ కప్పు కూడా అక్కడికే పోతుంది. రెండు వానలు పడగానే వాటిలో నీళ్ళు నిలుస్తాయి. డెంగ్యూ జ్వరాన్ని మోసే దోమ ఇలాంటి మంచినీటి నిల్వలోనే గుడ్లు పెడుతుంది. వారం పదిరోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. ఈ దోమ కుట్టేది ఎక్కువగా పగటిపూట. రోగి కోలుకోవాలని కొన్న బొండం, గోడ పక్కనే ఉన్న వార్డులో ఇంకొకరికి జ్వరం తెచ్చిపెడుతుంది.

దోమకూ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని కనుగొన్న చోటు మనకు చాలా దగ్గర. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఎన్నో దోమలను కోసి, సూక్ష్మదర్శినిలో ఓపికగా చూడగా చూడగా అది కనబడింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మనకు అంత శ్రమ అవసరం లేదు. బొండం బండివాని దగ్గరే ఉన్న బుట్టలో వేస్తే చాలు. ఇంటి దగ్గర వారానికి ఒకరోజు కుండీల పళ్ళేలు, పాత టైర్లు, కూలర్లు ఖాళీచేసి ఆరబెడితే చాలు.

5. పలకరించడానికి వచ్చినప్పుడు

మన దగ్గర ఒకరు ఆసుపత్రిలో చేరితే ఊరంతా చూడడానికి వస్తుంది. ఇది మంచి గుణం. రోగికి ధైర్యం వస్తుంది. అయితే సందర్శకుల సమయంలో వార్డు గుమ్మం దగ్గర నిలబడి చూస్తే కొన్ని పొరపాట్లు మళ్ళీ మళ్ళీ కనబడతాయి.

మొదటిది, బయటి నుంచి వచ్చినవారు చేతులు కడగకుండా రోగి మంచం మీద కూర్చోవడం, కట్టు మీద చెయ్యివేసి చూడడం. రెండోది, చంటిపిల్లలను ఎత్తుకుని వార్డులోకి రావడం. పిల్లలకు వార్డులోని జబ్బులు సులభంగా అంటుకుంటాయి. మూడోది, కాన్పు అయినచోట పసిబిడ్డను ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకుని ముద్దులు పెట్టడం. పెద్దవారికి వచ్చిన జలుబు పసిబిడ్డకు న్యుమోనియా కావచ్చు. దూరం నుంచి చూసి దీవించినా దీవెన తగ్గదు.

నాలుగోది ప్రమాదకరమైనది. సెలైను తొందరగా అయిపోవాలని వెంట ఉన్నవారు దాని చక్రం తిప్పుతారు. ‘చుక్కలు మెల్లగా పడుతున్నాయి, రాత్రి అయిపోతుంది’ అనుకుంటారు. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి సెలైను వేగంగా ఎక్కితే ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసం వస్తుంది. ప్రాణానికే ముప్పు రావచ్చు. చుక్కల వేగం డాక్టరుగారు లెక్కకట్టి చెప్పినది. అనుమానం ఉంటే నర్సును పిలవండి. పదిసార్లు పిలిచినా తప్పులేదు.

ఐదోది మాట. ‘మా పక్కింటాయనకు కూడా ఇదే జబ్బు, ఇలాగే బాగున్నాడు, తెల్లారేసరికి పోయాడు’ అని రోగి ముందే చెప్పేవారు ఉంటారు. వారికి రోగి మీద ద్వేషం లేదు. నోటికి వచ్చింది చెప్పారు. వారు వెళ్ళిపోయాక ఆ రోగి రాత్రంతా కళ్ళు మూయడు. మేము రక్తపోటు చూస్తే పెరిగి ఉంటుంది. రోగి దగ్గర పది నిమిషాలు కూర్చుని, ఇంటి దగ్గర గేదె ఈనిన సంగతి, పిల్లల చదువు సంగతి చెప్పి లేవండి. అది రోగికి మేలు చేస్తుంది.

6. ‘నేనెలా చెప్పను, సిస్టరమ్మా?’

గమనించడం నేర్చుకోవడం సులభం. గమనించినది చెప్పడమే కష్టం. ఎదుటివారు పెద్దవారైతే మరీ కష్టం.

పిల్లల వార్డుకు ఒక నాలుగేళ్ళ బాబును తీసుకువచ్చారు. వారాల తరబడి జ్వరం, దగ్గు, బరువు పెరగకపోవడం. చిన్నపిల్లలకు క్షయ వస్తే సాధారణంగా ఇంట్లోని పెద్దవారి నుంచే వస్తుంది. అందుకని ‘ఇంట్లో ఎవరికైనా చాలాకాలంగా దగ్గు ఉందా?’ అని తల్లిని అడిగాను. ఆమె తలవంచుకుంది. కాసేపటికి, ‘మామయ్యగారికి మూడు నెలలుగా ఉందండి. చుట్ట దగ్గు అంటారు. బాబు ఆయన పక్కలోనే పడుకుంటాడు’ అంది. ‘ఆయనకు ఎవరూ చెప్పలేదా?’ అంటే, ‘కోడలిని, నేనెలా చెప్పను, సిస్టరమ్మా? నీకు అసహ్యమా అంటే నేనేం సమాధానం చెప్పను?’ అంది.

తాతగారికి తెమడ పరీక్ష చేస్తే క్షయ అని తేలింది. బాబుకూ అదే. ఇద్దరికీ మందులు మొదలయ్యాయి, ఇద్దరూ కోలుకున్నారు. ఇంట్లో మిగిలినవారికి కూడా పరీక్షలు చేశారు. ఆ తాతగారు చెడ్డవారు కారు. మనవడిని విడిచి ఉండలేని మనిషి. సంగతి తెలిసిన రోజు వార్డు గుమ్మం బయటే నిలబడిపోయారు, లోపలికి రానన్నారు. ‘ముందే ఒక్కరు చెప్పి ఉంటే వాడిని పక్కలో పడుకోబెట్టుకునేవాడినా తల్లీ?’ అన్నారు.

ఆ కోడలికి అంతా కనబడుతూనే ఉంది. చెప్పే మాటే దొరకలేదు. కాబట్టి మాట ఎలా వెతుక్కోవాలో కొన్ని పద్ధతులు రాస్తున్నాను.

• తప్పు ఎత్తి చూపకుండా ఆరోగ్యం అడగండి. ‘మీ దగ్గు వల్ల మాకు ఇబ్బంది’ అనవద్దు. ‘మామయ్యగారూ, దగ్గుతో మీకు నిద్ర ఉండడం లేదు, ఒకసారి పరీక్ష చేయిద్దాం’ అనండి.

• మీరు చెప్పలేకపోతే చెప్పగలిగిన వారితో చెప్పించండి. కొడుకు, కూతురు, ఆయన స్నేహితుడు, ఆశా కార్యకర్త, మేము. మాకు ముందుగా చెబితే, మీ పేరు రాకుండా మేమే అడుగుతాం.

• అందరి ఎదుట చెప్పవద్దు. పక్కకు పిలిచి మెల్లగా చెప్పండి. పదిమందిలో చెబితే మంచిమాట కూడా అవమానంగా వినబడుతుంది.

• చెప్పడంతోపాటు చేతికి ఏదైనా ఇవ్వండి. ‘ఉమ్మవద్దు’ అనేకన్నా మూత డబ్బా ఇవ్వండి. ‘చేతులు కడగలేదేం’ అనేకన్నా సబ్బు పట్టుకుని నీళ్ళు పోయండి. ‘బాబాయ్, ఇదిగో మాస్కు, నేనూ పెట్టుకున్నాను’ అంటే ఎవరికీ కోపం రాదు.

• మీకు ఎవరైనా చెబితే నొచ్చుకోవద్దు. ‘మంచిది, చెప్పావు’ అనండి. అలా అనే ఇంట్లో కోడలు కూడా ధైర్యంగా మాట్లాడుతుంది. మా నర్సుల్లో ఎవరైనా చేతులు కడగకుండా మీ రోగి దగ్గరికి వస్తే మాకూ చెప్పవచ్చు. అడిగే హక్కు మీకుంది.

గుర్తుంచుకోవలసిన విషయాలు

1. చిన్న పొరపాటు చేసినవారికన్నా పక్కనున్న బలహీనులకే ఎక్కువ హాని.

2. తిన్నాక కడిగినంత శ్రద్ధగా తినే ముందూ సబ్బుతో చేతులు కడగాలి.

3. దగ్గు వస్తే మోచెయ్యి, కొంగు, కండువా. అరచెయ్యి కాదు.

4. రెండు వారాల దగ్గుకు తెమడ పరీక్ష. క్షయ రోగికి కంచం వేరుచేయడం కాదు, కిటికీ తెరవడం కావాలి.

5. ఖాళీ బొండం, టీ కప్పు బుట్టలోకే.

6. సెలైను చక్రం ముట్టుకోవద్దు, నర్సును పిలవండి.

7. కనబడినది ప్రేమతో, చాటుగా, ఆలస్యం చేయకుండా చెప్పాలి.

ఇంటి దగ్గర చేయవలసిన పని

రోగిని ఇంటికి తీసుకువెళ్ళాక ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చోండి. ఆ రోజు ఎవరి అలవాట్లను వారే గమనించుకోవాలని ఒప్పందం చేసుకోండి. రాత్రి భోజనానికి ముందు, అందరూ చేతులు కడుక్కున్నాక, ఒక్కొక్కరు తమలో గమనించిన ఒక చిన్న పొరపాటు చెప్పాలి. ఇంటిపెద్ద మొదట చెబితే పిల్లలు భయపడకుండా చెబుతారు. ఈ క్రింది ప్రశ్నలు చదివి మాట్లాడుకోండి.

అ) మన ఇంట్లో అందరికన్నా బలహీనంగా ఉన్నవారు ఎవరు? మన అలవాట్లలో ఏది వారికి హాని చేయవచ్చు?

ఆ) మన ఇంట్లో రెండు వారాలుగా దగ్గుతున్నవారు ఎవరైనా ఉన్నారా? వారిని పరీక్షకు ఏ రోజు, ఎవరు తీసుకువెళతారు?

ఇ) నీళ్ళ బిందె దగ్గర పొడవు కాడ గరిటె ఉందా? చేతులు కడిగే చోట సబ్బు ఉందా?

ఈ) మనలో ఎవరికైనా ఏదైనా చెప్పాలని ఉండి చెప్పలేక ఆగిపోయారా?

నాలుగో ప్రశ్న అడిగాక కాసేపు ఎవరూ తొందరపడి మాట్లాడవద్దు. ఇంట్లో అందరికన్నా తక్కువగా మాట్లాడేవారు నోరు విప్పేదాకా ఆగండి.